టి.వి.లో ‘నిజం’ ఎన్ని రకాలు?

మన ఇళ్ళల్లో టి.వి. ముందు మూడు తరాలు కూర్చుంటాయి. ఇండియా నుంచి ఆరు నెలల వీసా మీద వచ్చిన తాతగారికి సింహాలు, తిమింగలాల కార్యక్రమాలంటే ఇష్టం. అమ్మానాన్నలకు ఇళ్ళు కొనేవాళ్ళ, కట్టుకునేవాళ్ళ కార్యక్రమాలు కావాలి. పిల్లలు కేకుల పోటీ వస్తుంటే కదలరు. వీటిలో హీరో లేడు, డ్యూయెట్లు లేవు, అత్తగారి కుట్రలు లేవు. కాబట్టి ముగ్గురూ ఒకే మాట అంటారు: "ఇది సినిమా కాదుగా, నిజంగా జరిగినదే కదా!" ఆ ‘నిజంగా’ అన్న మాట గురించి మన బడి టీచర్లం కొందరం కలిసి రాసిన వ్యాసం ఇది. పెద్ద తరగతుల పిల్లలు కూడా చదవగలిగేలా రాయడానికి ప్రయత్నించాము.

ఈ దేశంలో, అంటే బ్రిటన్‌లో, టి.వి. వాళ్ళు ఇటువంటి కార్యక్రమాలన్నిటినీ కలిపి ‘ఫ్యాక్చువల్’ అంటారు. మనం తెలుగులో డాక్యుమెంటరీ అనో, రియాలిటీ షో అనో అనేసి ఊరుకుంటాము. నిజానికి అది ఒక పెద్ద ఉమ్మడి కుటుంబం. అందులో ఒక్కొక్కరిదీ ఒక్కో తీరు, ఒక్కొక్కరికీ ఒక్కో కట్టుబాటు. మన పల్లెల్లో బుర్రకథ చూసినవాళ్ళకు ఈ కట్టుబాటు అన్న మాట తేలికగా అర్థమవుతుంది. తంబుర పట్టుకున్న కథకుడు మధ్యలో ఉంటాడు, గుమ్మెటలు వాయించే వంతలు ఇద్దరు చెరో పక్క ఉంటారు. ఒక వంత హాస్యం చెబుతాడు, రెండో వంత ఈనాటి రాజకీయం చెబుతాడు. అల్లూరి సీతారామరాజు కథలో పంచాయతీ ఎన్నికల ముచ్చట ఎందుకొచ్చిందని ఎవరూ అడగరు. అది ఆ కళ నియమమని చూసేవాళ్ళకు ముందే తెలుసు. టి.వి. నిజానికీ అటువంటి నియమాలున్నాయి. తేడా ఏమిటంటే, అవి మనకు ఎవరూ చెప్పరు.

ఈ కుటుంబానికి మూలపురుషుడి లాంటి సినిమా 1922 నాటి ‘నానూక్ ఆఫ్ ది నార్త్’. రాబర్ట్ ఫ్లాహర్టీ అనే అమెరికన్, కెనడా ఉత్తరాన మంచులో బతికే ఇనూయిట్ కుటుంబం గురించి తీశాడు. మంచు ఇంట్లో కుటుంబం నిద్ర లేచే దృశ్యం అందులో ప్రసిద్ధం. కాని ఆనాటి పెద్ద కెమెరా మంచు ఇంట్లో పట్టదు, లోపల వెలుతురూ చాలదు. అందుకని సగం ఇల్లు మాత్రమే కట్టి, ఒక పక్క తెరిచి ఉంచి తీశారు. ఆ చలిలో పాపం వాళ్ళు ఆరుబయటే నిద్ర నటించారన్నమాట. ‘నానూక్’ అన్నది కూడా సినిమా కోసం పెట్టిన పేరే, ఆయన అసలు పేరు అల్లాకరియల్లక్. అప్పటికే ఆ ప్రాంతం వాళ్ళు తుపాకులు వాడుతున్నా, పాతకాలం ఈటెలతోనే వేటాడించారు. ఇది అబద్ధమా? ఆ మనిషి నిజం, ఆ చలి నిజం, ఇల్లు కట్టే నేర్పు నిజం. అమరిక మాత్రం దర్శకుడిది. ఈ నూరేళ్ళ నుంచీ ఫ్యాక్చువల్ కార్యక్రమాల మీద జరిగే తగువులన్నీ ఈ సగం ఇంటి చుట్టూ తిరుగుతున్నవే.

తాతగార్లకు ఇష్టమైన జంతువుల కార్యక్రమాల దగ్గర కాస్త ఆగుదాం, ఎందుకంటే మనం అన్నిటికన్నా ఎక్కువగా నమ్మేది వీటినే. 1979లో బి.బి.సి.లో వచ్చిన ‘లైఫ్ ఆన్ ఎర్త్’తో డేవిడ్ ఆటెన్‌బరో గొంతు ప్రపంచమంతా తెలిసిపోయింది. ఈ రకం కార్యక్రమాలకు ఆ గొంతే ప్రాణం. కనిపించని మనిషి తాపీగా, అన్నీ తెలిసిన పెద్దాయనలా కథ చెబుతుంటాడు. మిగతా నియమాలు గమనించండి. ఒక తల్లి ఉంటుంది, పిల్లలుంటాయి, ఆకలి ఉంటుంది, శత్రువు వస్తుంది. తెర మీద కనిపించే ఒకే తల్లి చిరుత, నిజానికి వేర్వేరు రోజుల్లో తీసిన రెండు మూడు చిరుతలు కావచ్చు. చప్పుళ్ళు చాలావరకు తరువాత స్టూడియోలో చేర్చినవి. రెండు వందల గజాల దూరం నుంచి పెద్ద లెన్సుతో తీసిన ఎలుగుబంటి అడుగుల చప్పుడు మైకులో ఎలా పడుతుంది? మంచు మీద నడక చప్పుడు కోసం గుడ్డ సంచిలో మొక్కజొన్న పిండి పోసి పిసుకుతారు. కరకరమని అచ్చం మంచులాగే వినబడుతుంది. పిల్లలూ, మీ వంటింట్లో కార్న్‌ఫ్లోర్ ఉంటే చేసి చూడండి, కాని అమ్మను అడిగి తీసుకోండి.

2011లో బి.బి.సి. ‘ఫ్రోజెన్ ప్లానెట్’ ప్రసారం చేసినప్పుడు ఈ విషయం మీద పెద్ద రభస జరిగింది. మంచు కింద గుహలో తల్లి ఎలుగుబంటి అప్పుడే పుట్టిన పిల్లలను పొదువుకున్న దృశ్యం చూసి జనం మురిసిపోయారు. ఆ దృశ్యం తీసింది ఉత్తర ధ్రువంలో కాదు, నెదర్లాండ్స్‌లోని ఒక జంతు ప్రదర్శనశాలలో, ఏర్పాటు చేసిన గుహలో. ఈ సంగతి వాళ్ళ వెబ్‌సైట్‌లో ముందే చెప్పారు, కార్యక్రమంలో మాత్రం చెప్పలేదు. అడవిలో ఆ గుహలోకి కెమెరా దూరిస్తే తల్లి బెదిరి పిల్లలకే ప్రమాదమని వాళ్ళ వాదన. మాకు ఆ వాదన సబబుగానే అనిపిస్తుంది. తెర మీద ఒక్క ముక్క చెప్పి ఉంటే సరిపోయేదని కూడా అనిపిస్తుంది.

దీని పక్కన 1958 నాటి డిస్నీ సినిమా ‘వైట్ వైల్డర్‌నెస్’ను పెట్టి చూడండి. లెమ్మింగులనే చిట్టెలుకల లాంటి జంతువులు గుంపులుగా వెళ్ళి కొండ మీద నుంచి నీళ్ళలోకి దూకి చనిపోతాయని అందులో చూపించారు. ఆ సినిమాకు ఆస్కార్ కూడా వచ్చింది. అసలు సంగతి 1982లో కెనడా టి.వి. వాళ్ళు బయటపెట్టారు. లెమ్మింగులు లేని ఆల్బర్టా ప్రాంతానికి వాటిని కొని తెచ్చి, తిరిగే బల్ల మీద పరుగెత్తించి, చివరికి మనుషులే నీళ్ళలోకి తోశారు. లెమ్మింగులు ఆత్మహత్య చేసుకుంటాయని ఇప్పటికీ నమ్మేవాళ్ళు ఎంతమందో! ఎలుగుబంటి దృశ్యంలో చూపించిన విషయం నిజం, చోటు వేరు. లెమ్మింగుల దృశ్యంలో విషయమే కల్పన, పైగా మూగజీవాల ప్రాణాలు తీశారు. రెండింటినీ ‘ఫేక్’ అనే ఒకే ముద్ర వేసి తోసేసే అలవాటు మన పిల్లల్లో కనబడుతోంది. అది సరికాదు.

మా పెద్ద తరగతిలో ఒక చిన్న ఆట ఆడించాము. పెంగ్విన్ల దృశ్యం మూడు నిమిషాలు గొంతు ఆపేసి వేసి, పిల్లలనే తెలుగులో వ్యాఖ్యానం చెప్పమన్నాము. ఒక అమ్మాయి చెబితే అది బిడ్డను పోగొట్టుకున్న తల్లి కథ అయింది. ఒక అబ్బాయి చెబితే పెళ్ళిభోజనాల దగ్గర బంతికి ఆలస్యమైన చుట్టం కథ అయింది. బొమ్మ అదే, పెంగ్విన్ అదే. తెలుగు మాట్లాడించడానికి కూడా ఇంతకన్నా మంచి ఉపాయం మాకు ఈ ఏడాది దొరకలేదు.

ఇక మనుషుల కార్యక్రమాలకు వద్దాం. గోడ మీద ఈగలా కెమెరా ఒక మూల ఉండి, ఏమీ అడగకుండా, జరిగినది జరిగినట్టు తీయడం ఒక పద్ధతి. 1974లో బి.బి.సి. ‘ది ఫ్యామిలీ’ అన్న కార్యక్రమంలో రెడింగ్ పట్టణంలోని విల్కిన్స్ అనే సామాన్య కుటుంబాన్ని నెలల తరబడి ఇలాగే తీసింది. ఈగ వాలితే ఇల్లు మారదు. కెమెరా వాలితే మారుతుంది. ఒక పక్క షూటింగ్ జరుగుతుండగానే ఇంకో పక్క ప్రసారం మొదలవడంతో, ఆ కుటుంబం తమను తాము టి.వి.లో చూసుకుంటూ, ఊళ్ళోవాళ్ళ మాటలు పడుతూ బతకవలసి వచ్చింది. అది చూసిన మన అమ్మమ్మలు ఉంటే, "ఇంటి గుట్టు లంకకు చేటు అని ఊరికే అన్నారా" అనేవాళ్ళు.

ఇరవై ఏళ్ళ తరువాత దీనికి సీరియల్ రుచి కలిపారు, డాక్యుసోప్ పుట్టింది. మామూలు మనుషులు, చమత్కారపు వ్యాఖ్యానం, ప్రతి భాగం చివర "తరువాయి వచ్చే వారం" అన్నంత ఉత్కంఠ. 1997లో వచ్చిన ‘డ్రైవింగ్ స్కూల్’లో కార్డిఫ్‌కు చెందిన మౌరీన్ అనే ఆవిడ డ్రైవింగ్ పరీక్ష కోసం పడ్డ పాట్లు కోటి మందికి పైగా చూశారు. లైసెన్సు కోసం ఇక్కడ మనం పడ్డ పాట్లు గుర్తొచ్చి మనవాళ్ళకూ ఆవిడ నచ్చే ఉంటుంది. ఆవిడ తెల్లవారుజామున ఆందోళనతో లేచి భర్తను నిద్ర లేపి పాఠం చదువుకునే దృశ్యం ఒకటుంది. అది మళ్ళీ నటింపజేసి తీసినదని తరువాత ఒప్పుకున్నారు. ఆలోచిస్తే మనకే తెలియాలి: ఆవిడ ఎప్పుడు లేస్తుందా అని కెమెరామన్ వాళ్ళ పడకగదిలో రాత్రంతా కూర్చుని ఉండడు గదా!

పిల్లలకు మేము నేర్పే మొదటి ప్రశ్న ఇదే. "కెమెరా అక్కడికి ముందే ఎలా చేరింది?" కొత్త ఇంటికి తలుపు తెరుచుకుని వెళుతున్న దంపతులను ఇంటి లోపలి నుంచి తీశారంటే, కెమెరామన్ వాళ్ళకన్నా ముందే గృహప్రవేశం చేశాడన్నమాట.

2010లో మొదలైన ‘ది ఓన్లీ వే ఈజ్ ఎసెక్స్’ ఇంకో మెట్టు పైకెక్కింది. మనుషులు నిజం, స్నేహాలూ తగువులూ నిజం, కాని ఎక్కడ కలవాలి, ఏ విషయం ఎత్తాలి అన్నది ముందే నిర్ణయిస్తారు. కొన్ని సంగతులు వినోదం కోసం ఏర్పాటు చేసినవని మొదట్లో చెప్పేస్తారు. చెప్పి చేశారు కాబట్టి దీన్ని తప్పుపట్టలేము. చూడదగ్గదా అంటే మాలో ఏకాభిప్రాయం లేదు.

ఇళ్ళ కార్యక్రమాల గురించి, వంటల పోటీల గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. 1999 నుంచి వస్తున్న ‘గ్రాండ్ డిజైన్స్’ నాలుగు భాగాలు చూస్తే ఐదోది మీరే చెప్పేస్తారు. నడిమధ్యలో వాన, డబ్బు చాలకపోవడం, కిటికీలు ఆలస్యంగా రావడం, చివరికి దీపాల వెలుగులో సుందర భవనం. 2010లో మొదలైన ‘బేక్ ఆఫ్’లో ఒక చిన్న కిటుకు మాత్రం చూడండి. పోటీదారు "ఇప్పుడు నాకు చాలా భయంగా ఉంది" అని కెమెరాకు చెబుతుంటారు. ఇటువంటి మాటలు పని ముగిశాక విడిగా కూర్చోబెట్టి రికార్డు చేసి కూడా వర్తమాన కాలంలో చెప్పిస్తుంటారు. అడిగేవాళ్ళ గొంతు తీసేస్తారు కాబట్టి ప్రశ్నను కూడా జవాబులో కలిపి చెప్పమంటారు. వ్యాకరణం క్లాసులో కాలాలు చెప్పేటప్పుడు మేము ఈ ఉదాహరణే వాడుతున్నాము.

‘బిగ్ బ్రదర్’ 2000లో ఈ దేశానికి వచ్చింది. అదే నమూనా 2017లో జూనియర్ ఎన్.టి.ఆర్. వ్యాఖ్యాతగా ‘బిగ్ బాస్’ పేరుతో తెలుగులోకి వెళ్ళింది. ఇక్కడ ఇల్లే ఒక ప్రయోగశాల. బయటి ప్రపంచంతో సంబంధం తెంచి, పనులు పెట్టి, ఆహారం తగ్గించి, ఎవరు ఎప్పుడు పొట్లాడతారా అని చూస్తారు. ఇరవై నాలుగు గంటలు తీసి ఒక గంట చూపిస్తారు, మిగిలిన ఇరవై మూడు గంటలు ఆ మనిషి ఎంత మంచిగా ఉన్నా మనకు తెలియదు. 2007 జనవరిలో ఇక్కడి సెలబ్రిటీ బిగ్ బ్రదర్‌లో శిల్పా శెట్టి పట్ల తోటివాళ్ళు ప్రవర్తించిన తీరు చూసి, జాతివివక్ష అంటూ నలభై వేల మందికి పైగా ఫిర్యాదు చేశారు. చివరికి ఆవిడే గెలిచింది. అటువంటి మాటలు మనవాళ్ళు చాలామంది స్కూళ్ళల్లో, ఆఫీసుల్లో విని ఊరుకున్నవే. ఏర్పాటు చేసిన ఇంట్లో, ఏర్పాటు చేసిన ఆటలో కూడా దాచలేని నిజం ఒక్కోసారి బయటపడుతుందని అప్పుడు తెలిసింది.

ఆ 2007 సంవత్సరమే ఇక్కడి టి.వి.కి గడ్డుకాలం. పిల్లల కార్యక్రమం ‘బ్లూ పీటర్’లో ఫోను పోటీ జరుగుతుంటే లైన్లు పనిచేయలేదు, స్టూడియో చూడడానికి వచ్చిన ఒక పాపనే ఫోన్ చేసి గెలిచినట్టు మాట్లాడించారు. ఇది 2006 చివర్లో జరిగితే, 2007లో నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ బి.బి.సి.కి 50,000 పౌండ్ల జరిమానా వేసింది. అదే కార్యక్రమంలో పిల్లిపిల్లకు పేరు పెట్టడానికి పిల్లలు ఓట్లేసి ‘కుకీ’ అన్న పేరు గెలిపిస్తే, వాళ్ళు ‘సాక్స్’ అని పెట్టారని కూడా బయటపడింది. ఇంతలో ఎలిజబెత్ రాణిగారి మీద తీసిన కార్యక్రమం ప్రకటనలో రెండు దృశ్యాల వరుస తారుమారు చేశారు. ఫొటో తీయించుకోవడానికి వస్తూ ఆవిడ విసుక్కున్న దృశ్యాన్ని తరువాత పెట్టేసరికి, కోపంతో లేచి వెళ్ళిపోయినట్టు కనబడింది. ఒక్క ఫ్రేమూ కల్పించలేదు, వరుస మార్చారంతే. బి.బి.సి. వన్ అధిపతి పదవికి రాజీనామా చేయవలసి వచ్చింది. "నేను చెప్పినవన్నీ నిజాలే" అని తప్పించుకునే పిల్లలకు ఈ కథ చెప్పి చూడండి.

పరిశోధన కార్యక్రమాలు మాత్రం వేరే జాతి. బి.బి.సి. ‘పానొరమ’ 1953 నుంచి వస్తోంది. రహస్య కెమెరా, మసకబార్చిన ముఖాలు, మార్చిన గొంతు, కారు దగ్గర అధికారిని ఆపి ప్రశ్నించడం వీటి గుర్తులు. ఇష్టం వచ్చినట్టు దొంగచాటుగా తీయడానికి ఈ దేశంలో వీల్లేదు, ప్రజలకు అవసరమైన విషయమని చూపించగలగాలి. 2003లో ఒక విలేకరి మాంచెస్టర్ పోలీసుల్లో ఉద్యోగిగా చేరి తీసిన ‘ది సీక్రెట్ పోలీస్‌మన్’ వల్ల శిక్షణలో ఉన్నవాళ్ళ జాతిద్వేషం బయటపడి పలువురు ఉద్యోగాలు వదులుకున్నారు.

నిజ సంఘటనలను నటులతో చూపించే డాక్యుడ్రామా ఇంకొకటి. మనవాళ్ళలో పెద్దలకు దూరదర్శన్‌లో 1988లో వచ్చిన శ్యామ్ బెనెగల్ ‘భారత్ ఏక్ ఖోజ్’ గుర్తుండే ఉంటుంది. 2024 జనవరిలో ఇక్కడ ఐ.టి.వి.లో ‘మిస్టర్ బేట్స్ వర్సెస్ ది పోస్ట్ ఆఫీస్’ వచ్చింది. కంప్యూటర్ లెక్కల తప్పుకు పోస్టాఫీసులు నడిపే వందలాది మందిని దొంగలని శిక్షించిన కథ అది. వీధి చివరి పోస్టాఫీసు నడిపేది చాలాచోట్ల మన భారతీయులే కాబట్టి, బాధితుల్లో మనవాళ్ళూ ఎందరో. పత్రికలు రాశాయి, 2015లో పానొరమ కూడా చెప్పింది. కాని నటులు నటించిన నాలుగు భాగాలు చూశాకే దేశం కదిలింది, ఆ మేలోనే శిక్షలు రద్దు చేస్తూ పార్లమెంటు చట్టం చేసింది. నటన అయినంత మాత్రాన అబద్ధం కాదనడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కరలేదు.

ఇవన్నీ ఇప్పుడెందుకంటే, ఈ ఏడాది మన బడికి ఒక టి.వి. నిర్మాణ సంస్థ నుంచి ఉత్తరం వచ్చింది. మూడు తరాలు కలిసి ఉండే వలస కుటుంబాలను ‘దగ్గరగా చూపించే ఆప్యాయమైన కార్యక్రమం’ కోసం వెతుకుతున్నారట. కొందరు తల్లిదండ్రులు సంబరపడ్డారు, కొందరు వద్దే వద్దన్నారు. ఏమైనా ముందు తెలుసుకోవలసినది అది పై వాటిలో ఏ రకమన్నదే. ఊరికే చూస్తూ తీస్తారా, పనులు పెట్టి తీస్తారా? ఎన్ని రోజులు తీసి ఎన్ని నిమిషాలు వేస్తారు? వ్యాఖ్యానం ఎవరు రాస్తారు? సంతకం పెట్టే కాగితంలో సాధారణంగా ఎడిటింగ్ హక్కంతా వాళ్ళదే అని ఉంటుంది, ప్రసారానికి ముందు చూపించాలన్న నియమం లేదు. పదహారేళ్ళ లోపు పిల్లలైతే మామూలుగా తల్లిదండ్రుల అనుమతి ఉండాలి, పద్దెనిమిది లోపు వాళ్ళ క్షేమం పట్ల ప్రత్యేక శ్రద్ధ తీసుకోవాలి అని ఆఫ్‌కామ్ నియమావళి చెబుతుంది. పాల్గొనే పెద్దల క్షేమం గురించి కూడా 2021 ఏప్రిల్ నుంచి కొత్త నియమాలు వచ్చాయి. పిల్లవాడు ‘ఊ’ అన్నా, స్కూల్లో మర్నాడు ఎదుర్కోవలసినది వాడే అని మరవకండి.

మాకు అన్నిటికన్నా పెద్ద చిక్కుగా తోచినది తెలుగే. మన అమ్మమ్మ మాట్లాడితే కింద ఇంగ్లీషు అక్షరాలు వేస్తారు. ఆ అక్షరాలు ఎవరు రాస్తారు? అన్నం తినకుండా పరుగెత్తే మనవడి వెనకాల "ఆగు, నీ వీపు విమానం మోత మోగిస్తాను" అంటూ నెయ్యి ముద్ద పట్టుకుని తిరిగే అమ్మమ్మను మనం ఎరుగుదుము. ఆ మాటను ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో వేస్తే చూసేవాళ్ళు సోషల్ సర్వీసెస్‌కు ఫోన్ చేస్తారు. అల్లుడిగారిని ‘మీరు’ అనీ, మనవడిని ‘ఒరేయ్’ అనీ పిలిచే తేడా ఇంగ్లీషు ‘యూ’లో కలిసిపోతుంది. అందుకే ఆ సంస్థకు రాసిన జవాబులో, తెలుగు మాటల అనువాదం ప్రసారానికి ముందు తెలుగు తెలిసినవాళ్ళు చూడాలి, ఆ మాట ఒప్పంద పత్రంలో రాసి ఉండాలి, అని అడిగాము.